అష్టాచెమ్మా: పిక్కలు అరగదీయడం నుంచి కాయ పండేదాకా

వేసవి సెలవులు మొదలవగానే ఇవే ప్రశ్నలు వస్తాయి. గవ్వలు దొరకలేదు, చింతపిక్కలు ఎంతవరకు అరగదీయాలి? ఎవరు వేసినా ఒకట్లే పడుతున్నాయి, ఎందుకని? లోపలి గళ్ళలోకి ఎటు తిరగాలి? ఆట మొదలైన పావుగంటకే పిల్లలు కొట్టుకుంటున్నారు, ఏం చేయాలి?

నాలుగు పిక్కలో గవ్వలో వేసి, పడిన లెక్క ప్రకారం ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్ళలో కాయల్ని నడిపే ఈ ఆటలో తగువులు రెండు చోట్ల పుడతాయి. ఒకటి, సరిగ్గా అరగని పిక్కలు. రెండు, ముందుగా మాట్లాడుకోని నియమాలు. ఒక పూట కూర్చుంటే రెండూ సరిచేసుకోవచ్చు. కింద చెప్పిన వరసలోనే చేయండి. గళ్ళు గీసేసి, పిక్కలు ఆ తర్వాత చూసుకుందాం అనుకుంటే పిల్లలు ఆగరు, పిక్కల్ని పరీక్షించడం ఎగిరిపోతుంది.

కావలసినవి

వేయించని చింతపిక్కలు పది (వాడేవి నాలుగే, మిగతావి పరీక్షలో పోతాయి), గరుకు సిమెంటు మెట్టు గానీ గరుకు రాయి గానీ, కొంచెం నీళ్ళు, సుద్దముక్క, నాలుగు రకాల కాయలు రకానికి నాలుగు చొప్పున, నున్నగా గీకిన కొబ్బరి చిప్ప ఒకటి, లెక్క రాసుకోవడానికి కాగితం.

1. పిక్కలు ఏరడం

పిక్క తీయని చింతపండు కొంటే పిక్కలు ఇంట్లోనే ఉంటాయి. సాలూరు, సీతంపేట వైపు నుంచి సంతలకు వచ్చే పండులో ఎలాగూ ఉంటాయి. మన ఉత్తరాంధ్ర వైపు చింతకు కొరతేముంది, విజయనగరంలో పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను కూడా చింతమానే.

ఏరేటప్పుడు నలుచదరానికి దగ్గరగా, రెండు వైపులా ఒకే ఉబ్బుతో, ఒకే పరిమాణంలో ఉన్నవి తీసుకోండి. ఒక మూల మొనదేలినవి, వంకర తిరిగినవి వద్దు. అవి నేల మీద పడ్డాక గిరగిర తిరిగి ఎప్పుడూ ఒకే వైపుకు ఒరుగుతాయి. ఏరినవాటిని గ్లాసు నీళ్ళలో వేయండి. తేలినవి లోపల పుచ్చుపోయినవి, పారేయండి. మునిగినవాటిని వెంటనే తీసి తుడవండి. గంటల తరబడి నానబెడితే పిక్క ఉబ్బి పైపొర పగులుతుంది. వేయించిన పిక్కలు తినడానికే, ఆటకు కాదు. వాటి పొర రాయికి తగలగానే ఊడిపోతుంది.

జాగ్రత్త: పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్ళలో పచ్చి జీడిపిక్కలు చేతికి అందేలా ఉంటాయి. వాటిని పిల్లలు రాతి మీద రుద్దకుండా చూడండి. పెంకులోని జీడి కారి చేతులు, మూతి పొక్కిపోతాయి. అందంగా ఎర్రగా ఉన్నాయని గురువింద గింజల్ని కాయలుగా కూడా వాడొద్దు. అవి విషం. నమిలితే ప్రాణం మీదకు వస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకూడదు.

2. అరగదీయడం

మెట్టు మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, పిక్క ఒక వైపును ఆనించి గుండ్రంగా రుద్దండి. నున్నటి టైల్సు మీద, పాలిష్ చేసిన గ్రానైటు మీద ఎంత రుద్దినా అరగదు. పొడిగా రుద్దితే పిక్క చుర్రుమని వేలు కాలుతుంది, నీళ్ళు అందుకే. వేలికి గుడ్డముక్క చుట్టుకుంటే గోరు, చర్మం గీసుకుపోవు.

ముందు మధ్యలో తెల్లటి చుక్క కనబడుతుంది, తర్వాత అది పెద్దదవుతుంది. అంచు దగ్గర సన్నటి గోధుమరంగు గీత మాత్రం మిగిలి, ఆ వైపంతా తెల్లబడగానే ఆపండి. మొత్తం మీద ఒక మిల్లీమీటరు అరిగితే చాలు.

అందరూ చేసే తప్పు ఇక్కడే. ఇంకా తెల్లగా రావాలని సగం పిక్క దాకా అరగదీస్తారు. అప్పుడు ఒక వైపు పూర్తి చదును, రెండో వైపు బోర్లించిన చిప్పలా ఉబ్బు. అలాంటి పిక్క చదును వైపు మీదే ఎక్కువగా కూర్చుంటుంది. తెలుపు కిందికి, నలుపు పైకి. ‘ఎప్పుడూ ఒకట్లే పడుతున్నాయి’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. పిక్కను రెండు బద్దలుగా చీల్చి వాడేవాళ్ళకూ ఇదే ఇబ్బంది. చీల్చడం తేలిక, తొందరలో పని జరిగిపోతుంది, కానీ పందేలు ఒక వైపుకు మొగ్గుతాయి.

అరగదీసిన పిక్కలను తుడిచి సగం పూట నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే బద్దలు విడిపోవచ్చు.

గవ్వలు దొరికితే అవే వాడండి. నోరు పైకి ఉన్నది ఒకటిగా లెక్క. సముద్రం ఒడ్డున ఏరినవైతే లోపల ఇసుక ఇరుక్కుని ఉంటుంది. నీళ్ళలో నానబెట్టి, దులిపి, ఆరబెట్టి, కింద చెప్పిన పరీక్ష వాటికీ చేయండి. గవ్వ కదా అని వదిలేయొద్దు, గవ్వలూ ఒక వైపుకు మొగ్గుతాయి.

3. పరీక్ష

చాలామంది దాటేసే దశ ఇది. దీన్ని దాటేయడం వల్లే సగం తగువులు.

ముందు ఒక్కో పిక్కను విడిగా 50 సార్లు వేయండి. తెలుపు ఎన్నిసార్లు పైకి వచ్చిందో గీతలు పెట్టుకోండి. 20 నుంచి 30 లోపు వస్తే ఆ పిక్క పనికొస్తుంది. 15 వచ్చిందంటే ఎక్కువ అరిగిందన్నమాట. 35 దాటితే మరీ తక్కువ అరిగి ఉండొచ్చు, ఇంకో నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ చూడండి. ఎక్కువ అరిగినదాన్ని బాగుచేయలేం, పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. ఇది పిల్లల చేతే చేయించండి. వాళ్ళు లెక్కపెట్టి ఒప్పుకున్న పిక్కల మీద తర్వాత ఫిర్యాదు చేయరు.

తర్వాత నాలుగూ కలిపి 80 సార్లు వేయండి. ఎన్ని తెలుపులు పైకి ఉంటే అంత పందెం. నాలుగూ తెలుపైతే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నలుపైతే అష్ట, అంటే ఎనిమిది. పిక్కలు సరైనవైతే 80లో దాదాపు ఇలా రావాలి: ఒకట్లు 20, రెళ్ళు 30, మూళ్ళు 20, చెమ్మలు 5, అష్టలు 5. ఇంత కచ్చితంగా రావు, కొంచెం అటూఇటూ అవుతాయి. చూడాల్సింది రెండే. రెళ్ళు అన్నిటికంటే ఎక్కువ రావాలి. అష్టలు, చెమ్మలు ఇంచుమించు సమానంగా ఉండాలి. అష్టలు 10, చెమ్మలు 2 వచ్చాయంటే ఒక్కో పిక్క వందకు 40 సార్లే తెలుపు చూపిస్తోందన్నమాట. ఆ నాలుగింటిలో బాగా చదునైనదాన్ని మార్చండి.

4. గళ్ళు గీయడం

అరుగైనా, డాబా అయినా, వాకిలైనా సరే. నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు. ఐదు గళ్ళు కావాలి కదా అని ఐదు గీతలే గీస్తే నాలుగు గళ్ళే వస్తాయి, మధ్య గడి అంటూ ఉండదు. గీశాక లెక్కపెట్టుకోండి, మొత్తం 25 రావాలి.

ఒక్కో గడి బెత్తెడు ఉండాలి. అంతకంటే చిన్నగా గీస్తే ఇళ్ళలో కాయలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఎవరిది ఏ గడిలో ఉందో తెలియదు. నాలుగు అంచుల్లోనూ మధ్య గడికి ఇంటూ గుర్తు పెట్టండి. ఇవి నలుగురి ఇళ్ళు. నట్టనడిమి గడికీ ఇంటూ పెట్టండి. కాయ పండేది, అంటే దాని ప్రయాణం ముగిసేది, అక్కడే. మూలల్లో ఇంటూ పెట్టకూడదు.

టైల్సు మీద సుద్ద నిలవదు, సుద్దను నీళ్ళలో ముంచి గీయండి. సిమెంటు మీద బొగ్గుతో గీస్తే మరక వదలదు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి గీయండి. ఎప్పటికప్పుడు గీసే ఓపిక లేకపోతే మందమైన అట్ట మీదో, పాత దుప్పటి గుడ్డ మీదో గీసి దాచుకోవచ్చు. తుపాను రోజుల్లో గుడ్డ చాలా ఆదుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు దీపం చుట్టూ కూర్చోబెట్టగలిగే ఆట ఇది. దీపం వెలుగులో ఆడితే లేతరంగు గుడ్డ పరవండి, నల్లటి నేల మీద పిక్క ఏ వైపు ఉందో కనబడదు.

5. కాయలు

ఒక్కొక్కరికి నాలుగు. చీపురుపుల్ల ముక్కలు, గచ్చకాయలు, బొత్తాములు, గులకరాళ్ళు, ఏవైనా నాలుగు రకాలు దూరం నుంచి తేడా తెలిసేలా ఉండాలి. కుంకుడు గింజలు దొర్లిపోతాయి, అరుగు ఏటవాలుగా ఉంటే అసలు వద్దు. గాజుపెంకులు అందంగా ఉంటాయి కానీ అంచులు కోస్తాయి, చిన్నపిల్లలు ఆడితే వద్దు.

6. దారి నేర్చుకోవడం

మీ ఇంటి ముందు కూర్చోండి. కాయ ఇంటి నుంచి కుడిచేతి వైపు బయలుదేరుతుంది. బయటి వరసలో చుట్టూ తిరిగి మీ ఇంటికి ఎడమపక్క గడికి చేరుతుంది. ఇల్లు కాక ఇది సరిగ్గా 15 అడుగులు. అక్కడి నుంచి నేరుగా ఎదురుగా ఉన్న లోపలి గడిలోకి ఎక్కాలి, అది 16. ఇప్పుడు తిరుగుడు మారుతుంది. బయట కుడికి బయలుదేరిన కాయ లోపల ఎడమ నుంచి పైకి వెళ్ళి, చుట్టి వచ్చి, మీ ఇంటికి నేరుగా ఎదురుగా ఉన్న లోపలి గడిలో ఆగుతుంది, అది 23. అక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే నడిమి గడి, 24. కాయ పండింది.

సరిచూసుకోవడానికి ఒక కాయ తీసుకుని గట్టిగా లెక్కపెడుతూ నడిపించండి. నడిమి గడిలో 24 రావాలి. 25 వస్తే ఇంటిని కూడా లెక్కపెట్టారన్నమాట. చిన్నపిల్లలు ఆటలోనూ ఇదే తప్పు చేస్తారు. కాయ నిలబడిన గడినే ‘ఒకటి’ అంటారు. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి చేతా ఒకసారి 24 నడిపిస్తే ఇది పోతుంది.

ఇద్దరే ఉంటే ఎదురెదురుగా కూర్చోండి. ముగ్గురైతే నాలుగో ఇల్లు ఖాళీగా ఉంటుంది, కానీ అదీ ఇల్లే, అందులో ఉన్న కాయను చంపకూడదు.

7. నియమాలు ముందే ఒప్పుకోవడం

అష్టాచెమ్మాకు ఇంటికో పద్ధతి ఉంది. అమ్మమ్మగారి ఊరి పద్ధతి, నాన్నమ్మగారి ఊరి పద్ధతి ఒకే అరుగు మీద కలిస్తే తగువు ఖాయం. మొదటి పందెం వేయకముందే ఈ కిందివాటికి అందరి చేతా ‘సరే’ అనిపించండి.

బయలుదేరడం. కొందరు అష్టో చెమ్మో పడితేనే కాయ కదలాలంటారు. ఎనిమిది పందేల్లో ఒకటే అలా పడుతుంది. అంటే ఐదు దఫాలు వేసినా ఒక్క కాయా కదలకుండా కూర్చోవాల్సిన అవకాశం సగం పైనే ఉంది. ఏడేళ్ళ పిల్లాడు అంతసేపు ఊరికే కూర్చోలేడు, ‘నేనాడను’ అని లేచిపోతాడు. చిన్నవాళ్ళుంటే ఏ పందేనికైనా బయలుదేరనివ్వండి. కొంచెం బిగువు కావాలంటే ఒకటి పడినా సరే అనుకోండి. అప్పుడు ఐదు దఫాలూ ఖాళీగా పోవడం పదింటిలో ఒకసారే జరుగుతుంది.

మళ్ళీ వేయడం. అష్టకు, చెమ్మకు, కాయను చంపినందుకు ఇంకో పందెం. ఇందులో పెద్దగా తేడాలుండవు. వరసగా మూడుసార్లు అష్టో చెమ్మో పడితే మూడూ పోతాయని కొన్ని ఇళ్ళలో అంటారు. అది 512లో ఒకసారి జరిగే సంగతి. ఒప్పుకోండి గానీ దాని మీద వాదన పెట్టుకోకండి.

చంపడం. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో సరిగ్గా ఆగితే అది చచ్చి తన ఇంటికి పోతుంది. నాలుగు ఇళ్ళలో, నడిమి గడిలో చావు లేదు. జంట కాయల నియమాలు రకరకాలు. కొత్తవాళ్ళకు తేలికైనది ఇది: ఇళ్ళలో, నడిమి గడిలో తప్ప ఒకే గడిలో ఒకరివి రెండు కాయలు ఉండకూడదు.

లోపలికి ఎక్కడం. ఒక్క కాయనైనా చంపనిదే లోపలికి వెళ్ళకూడదన్నదే ఈ ఆటకు ప్రాణం. ఇది తీసేస్తే అందరూ తప్పించుకు తిరుగుతారు, ఆట చప్పబడుతుంది. కానీ చంపనివాళ్ళ కాయ ఇంటి పక్క గడిలో ఆగిపోవాలా, మళ్ళీ చుట్టు తిరగాలా? తిరగనివ్వండి. ఆగిన కాయ వచ్చేపోయేవాళ్ళకు బలి అవుతుంది. చిన్నపిల్లలతో ఆడుతుంటే రెండు చుట్లు పూర్తయిన కాయను చంపకపోయినా లోపలికి వదిలేయండి.

పండటం. సరిగ్గా కావలసిన పందెమే పడాలి. రెండు కావాలంటే మూడు చెల్లదు. ఆ పందాన్ని వేరే కాయకు వాడుకోవచ్చు.

8. పందెం వేయడం

పిక్కల్ని కొబ్బరి చిప్పలో వేసి, అరచేయి మూసి, బాగా కుదిపి, జానెడు ఎత్తు నుంచి వదలాలి. నేలకు ఆనించి జారవిడిస్తే పిక్కలు తిరగవు, చేతిలో పేర్చిన వైపే పడతాయి. చిప్ప పెట్టుకోవడం అందుకే. పిక్కలు గళ్ళ మీద కాక పక్కన, పల్చటి నూలుగుడ్డ మీద పడాలి. గళ్ళ మీద పడితే కాయల్ని కదిలిస్తాయి, ఆపైన ‘నాది ఇక్కడుంది’, ‘కాదు అక్కడుంది’. వట్టి సిమెంటు మీద ఎగిరి అరుగు కిందికి పోతాయి, గోనెసంచి మీద ఒరిగి నిలబడతాయి.

ఒరిగినా, గుడ్డ దాటి పడినా నాలుగూ మళ్ళీ వేయాలి, ఆ ఒక్కటే కాదు. పందెం ఎంతో వేసినవాళ్ళు గట్టిగా చెప్పాకే పిక్కలు తీయాలి. తప్పుగా జరిపిన కాయను తర్వాతివాళ్ళు పందెం వేసేలోపే పట్టుకోవాలి. వేశాక గుర్తొస్తే అది అలాగే ఉండాలి.

కాయ నడిపేటప్పుడు

ఇంటికీ ఇంటికీ దూరం నాలుగు అడుగులు. చెమ్మ పడితే ఇంట్లోంచి పక్కింటికి, అష్ట పడితే ఎదురింటికి. దారిలో ఎక్కడా ఆగే భయం లేదు. అందుకే ఈ రెండూ పడినప్పుడు ముందు ఇంట్లో ఉన్న కాయను చూడండి.

మీ వెనక ఎదుటివాళ్ళ కాయ ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టండి. రెండు గళ్ళ దూరంలో ఉంటే అన్నిటికంటే ప్రమాదం, పదహారు పందేల్లో ఆరుసార్లు మీ కాయ చస్తుంది. ఒకటి, మూడు గళ్ళ దూరమైతే నాలుగుసార్లు. నాలుగు, ఎనిమిది దూరాలకు ఒక్కొక్కసారి. ఐదు, ఆరు, ఏడు గళ్ళ దూరంలో ఉంటే చెమ్మ పడో, మధ్యలో ఇంకో కాయను చంపో మళ్ళీ పందెం వస్తే తప్ప మీ జోలికి రాలేరు. చాలామంది పారిపోవడమే చూస్తారు గానీ, పారిపోయి రెండు గళ్ళ ముందు నిలబడడం కంటే ఉన్నచోటే ఉండి వేరే కాయ జరపడం మేలు.

మీ ఎడమచేతి వైపువాళ్ళ ఇల్లు మీకు ఆఖరి గూడు. అక్కడి నుంచి నడిమి గడి దాకా 12 అడుగులు, మధ్యలో ఎక్కడా రక్షణ లేదు. వెనక ఎవరూ లేనప్పుడే ఆ ఇల్లు దాటండి.

అందరినీ ఏడిపించేది ఆఖరి అడుగు. నడిమి గడికి ఒక్క గడి దూరంలో కాయ పెట్టి ‘ఒకటి, ఒకటి’ అని ఎదురుచూస్తారు. రెండు గళ్ళ దూరంలో ఆపుకోవడం నయం. పదహారింటిలో ఆరుసార్లు రెండే పడుతుంది, ఒకటి పడినా ముందుకు జరగొచ్చు. పైగా నడిమి గడికి ముందున్న ఆ ఆఖరి గడి మీ కుడిచేతి వైపువాళ్ళు లోపలికి ఎక్కాక వేసే మొదటి అడుగు. వాళ్ళ కాయ ఆ దరిదాపుల్లో ఉంటే మీ కాయ ఆ గడిలో నిలవదు.

ఆటకు ఎంతసేపు పడుతుందని అడుగుతారు. నాలుగు కాయలకు 96 అడుగులు. మళ్ళీ వేసే పందేలు కలిపినా ఒక దఫాకు సగటున మూడడుగులు కూడా రావు. ఒక్క కాయా చావకుండా ఉంటేనే ఒక్కొక్కరికి 34 దఫాలదాకా కావాలి. నలుగురు కూర్చుంటే గంట దాటడం మామూలే. అన్నాల వేళకు అరగంట ముందు మొదలుపెట్టొద్దు. అంత సమయం లేకపోతే ఒక్కొక్కరికి రెండు కాయలతో ఆడండి.

పిక్కలు వచ్చే ఏటికి దాచాలంటే గుడ్డతో తుడిచి, బాగా ఆరిన మూత డబ్బాలో పెట్టండి. తీరం దగ్గర ఊళ్ళలో గాలి చెమ్మకు బూజు పడుతుంది, పురుగు కూడా తొలుస్తుంది. బయటికి తీసినప్పుడు సన్నటి కన్నాలున్నాయేమో చూసి, ఆడబోయే ముందు నాలుగూ మళ్ళీ 80 సార్లు వేసి లెక్క చూసుకోండి.